ముప్పై ఏడో అంశం

కౌన్సిల్ హాల్లో సభ్యులకు నలభై రెండు బల్లలున్నాయి. బల్లకొక గ్లాసు, గ్లాసుకొక మూత. ఆ గ్లాసులు కడిగి, నీళ్ళు పోసి, మూతలు పెట్టే ఆవిడను ముప్పై ఒక్క ఏళ్ళుగా అందరూ గ్లాసులక్క అనే పిలుస్తున్నారు. జీతాల పట్టీలో వేరే పేరుంది. ఆ పేరుతో పిలిస్తే ఆవిడే ఒక క్షణం ఆగి, ఎవరినబ్బా అని వెనక్కి చూస్తుంది.

మనిషి చీపురుపుల్లలా సన్నగా ఉంటుంది. నోరు మాత్రం సన్నది కాదు. అయితే హాలు లోపల ఆ నోటికి పని లేదు. సభ జరిగేటప్పుడు సభ్యులు, అధికారులు తప్ప మరొకరు మాట్లాడరాదని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆవిడ చదివింది మూడో తరగతి. అంకెలు చకచకా వస్తాయి, అక్షరాలు కూడబలుక్కోవాలి. ఆ గోడ మీది రాత మాత్రం చదవకుండానే ఒంటబట్టింది.

ఆరుగురు చైర్మన్లను చూసింది. ఆరుగురూ ఒకే దారి తొక్కారు. మొదటి ఏడు మంచినీళ్ళు చాలన్నారు, రెండో ఏడు టీ అన్నారు, పదవి దిగిపోయేనాటికి టీలో పంచదార వద్దన్నారు. కొత్తగా గెలిచిన సభ్యులు ఏ తలుపులోంచి రావాలో, ఎక్కడ కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో ఆవిడనే అడుగుతారు. రెండో సమావేశం నుంచి ఆవిడ వాళ్ళ కంటికి ఆనదు.

ఊరి డబ్బు ఎక్కడి నుంచి ఎక్కడికి పోవాలన్నా ఆ హాల్లోనే తేలాలి. ఫలానా వీధికి దీపాలు, ఫలానా బడికి ప్రహరీ, ఫలానా సంఘానికి సాయం, ఈ పద్దులో మిగిలింది ఆ పద్దులోకి బదలాయింపు. అన్నీ అంశాలై, వరస అంకెలు తగిలించుకుని ఒక జాబితాలో కూర్చుంటాయి. ఒక్కో దాని మీదా పెద్దలు గంటలకొద్దీ బుర్రలు బద్దలు కొట్టుకుంటారని బయటివాళ్ళ నమ్మకం. అంత ఓపిక ఎవరికి ఏడిసింది? జాబితా గుమాస్తా లేచి, ఒకటి నుంచి ఫలానా అంకె వరకు అని గట్టిగా చదువుతాడు. చైర్మన్ కలం తిరగేసి బల్ల మీద మూడు దెబ్బలు కొడతాడు. మూడో దెబ్బ పడేలోపు ఎవరైనా ఒక అంకె చెప్పి "విడిగా" అంటే, ఆ ఒక్కదాన్నీ పక్కకు తీసి చర్చిస్తారు. ఎవరూ అనకపోతే మూడో దెబ్బతో అన్నీ ఆమోదం. గ్లాసు మూత తీసి మళ్ళీ పెట్టినంత సేపు పట్టదు.

ఎవరూ అనరు. ఈ నెల నేను నీ అంశాన్ని విడిగా అంటే, పై నెల నువ్వు నాదాన్ని అంటావు. ఆ భయం కొద్దీ అందరూ అందరినీ కాపాడుకుంటూ వస్తారు. దాంతో అక్కడ దేన్నీ దాని పేరుతో పిలిచే అలవాటు కూడా పోయింది. కాలువను కాలువ అనరు, బడిని బడి అనరు. మీ పన్నెండు గట్టెక్కిందా, మా ఇరవై మూడు మునిగిందా అని వరండాలో అంకెలే మాట్లాడుకుంటారు. గ్లాసులక్కకూ ఆ జబ్బు అంటుకుంది.

ఆవిడ మనసులో నాలుగేళ్ళుగా ఒక అంశం నానుతోంది. చెత్తలారీలు నిలిపే ఆవరణలో తెల్లవారకముందే పద్దెనిమిదిమంది ఊడ్చే ఆడవాళ్ళు చేరతారు. అక్కడ బట్టలు మార్చుకోను చోటు లేదు, చేతులు కడుక్కోను కుళాయి లేదు. వాళ్ళకొక గది కట్టాలని నాలుగేళ్ళ కిందట కౌన్సిల్ తీర్మానం చేసింది. ఆ రోజు చప్పట్లు కూడా కొట్టారు. అప్పటి నుంచి ఏటా మొదట్లో ఆ పద్దులో డబ్బు పెడతారు, ఏటా చివర్లో ఖర్చు కాలేదని రాసి వాహనాల పద్దులోకి బదలాయిస్తారు. ఖర్చు పెట్టవలసినవాళ్ళూ వాళ్ళే, ఖర్చు కాలేదని లాక్కునేవాళ్ళూ వాళ్ళే. నాలుగేళ్ళూ ఆ బదలాయింపు జరిగేటప్పుడు గ్లాసులక్క నీళ్ళ జగ్గు పట్టుకుని గోడవారన నిలబడే ఉంది.

ఈ ఏడు సంగతి వేరు, దెబ్బ సొంత ఇంటికే తగిలింది. ఊడ్చే పద్దెనిమిదిమందిలో ఒకతె ఆవిడ సొంత చెల్లెలు.

ఒక తెల్లవారుజామున చెల్లెలు లారీ వెనక నిలబడి పని చొక్కా మార్చుకుంటోంది. గది లేనిచోట లారీయే గోడ. అవతల డ్రైవరు చూసుకోలేదు, బండి తీసుకుని వెళ్ళిపోయాడు. ఉన్నట్టుండి గోడ లేచి నడిచిపోతే మనిషి గతేమిటి? ఎదురుగా టీకొట్టు, కొట్టు ముందు పదిమంది మగాళ్ళు. ఎవడో ఈల వేశాడు. అంతకు మించి ఏమీ జరగలేదు. చెల్లెలు చొక్కా తొడుక్కుని, తనకు రాసి ఇచ్చిన వీధి మొత్తం ఊడ్చి, చీపురు అప్పజెప్పి ఇంటికి వెళ్ళింది. మర్నాటి నుంచి రాలేదు.

ఇరవై రెండేళ్ళ సర్వీసు. ఇరవై ఐదు నిండితే గాని పింఛను లేదు. జీతం లేని సెలవు మూడు నెలలకు మించి ఇవ్వరు. ఆ పైన పేరు కొట్టేస్తారు. ఈ లెక్కంతా చెప్పి ఒప్పిద్దామని గ్లాసులక్క చెల్లెలింటికి వెళ్ళింది. చెల్లెలు ఉతికిన బట్టలు మడతపెడుతూ తలెత్తకుండా విన్నది.

"మూడేళ్ళేనే, కళ్ళు మూసుకుంటే గడిచిపోతాయి" అంది గ్లాసులక్క.

"మూడేళ్ళంటే వెయ్యి పొద్దులక్కా. వెయ్యి పొద్దులూ కళ్ళు మూసుకుని ఆ టీకొట్టు ముందు చొక్కా మార్చుకోమంటావా?"

"గది వస్తుంది. అది వచ్చాకే రా."

"నాలుగేళ్ళుగా వస్తూనే ఉందిగా. ఎక్కడిదాకా వచ్చిందో కాస్త కనుక్కో" అంది చెల్లెలు, మడత పెట్టిన చీర మళ్ళీ విప్పి మడతపెడుతూ.

  గ్లాసులక్క కనుక్కుంటానని చెప్పి వచ్చేసింది.

కనుక్కోవడం కష్టమేమీ కాదు. ఏడాది చివరి సమావేశానికి జాబితా తయారైంది. గుమాస్తా టీ తాగుతూ చెప్పేశాడు. ఈసారి గది డబ్బు ముప్పై ఏడో అంశమట, మళ్ళీ వాహనాల్లోకే పోతోందట, చైర్మన్‌గారి బండి మరీ చప్పుడు చేస్తోందట. బండి చప్పుడు చేస్తే ఊరికి వినపడుతుంది గనక దానికి డబ్బు దొరుకుతుంది. ఆడవాళ్ళు చప్పుడు చెయ్యకుండా ఊడ్చుకుపోతారు.  గ్లాసులక్క ముప్పై ఏడు, ముప్పై ఏడు అని మనసులో రెండుసార్లు అనుకుంది.

లారీల ఆవరణ ఉన్న వార్డు సభ్యుడు ఒక రిటైరైన డ్రాయింగు మాస్టారు. మెత్తని మనిషి. ఎవరి మాటా కాదనలేడు, ఎవరి పనీ చేసిపెట్టలేడు. ఆయన గెలిచి రెండేళ్ళయినా ఇప్పటికీ గ్లాసులక్క కనపడితే నమస్కారం పెడతాడు. నలభై రెండుమందిలో అలా పెట్టేది ఆయనొక్కడే. అందుకే నేరుగా ఆయన ఇంటికి వెళ్ళి, చెల్లెలికి జరిగింది జరిగినట్టు చెప్పింది. ఏమీ చెయ్యక్కర్లేదనీ, మూడో దెబ్బ పడేలోపు ముప్పై ఏడు విడిగా అంటే చాలుననీ, అప్పుడు ఆ గది సంగతి నలుగురి నోళ్ళలో పడుతుందనీ, నలుగురిలో పడ్డాక కాదనడానికి ఎవరికైనా మొహం చెల్లదనీ చెప్పింది.

మాస్టారు చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. తన అంశం కూడా ఒకటి అదే జాబితాలో ఉందనీ, దాన్ని ఎవరైనా పట్టుకుంటారేమోననీ నసిగాడు. చివరికి, ఆ పిల్ల మా వాకిలి కూడా ఊడుస్తుందిగా అని తనలో తాను అనుకుని ఒప్పుకున్నాడు. యాభై దాటిన మనిషి ఆయన లెక్కలో ఇంకా పిల్లే. మర్చిపోకుండా ఉండడానికి కలం తీసి అరచేతిలో ముప్పై ఏడు అని రాసుకున్నాడు. బళ్ళో ముప్పై ఏళ్ళపాటు, చేతుల మీద రాతలేమిట్రా అని పిల్లల్ని కొట్టిన మనిషి.

సమావేశం రోజు గ్లాసులక్క పొద్దున్నే గ్లాసులు కడిగి, జాబితాలు బల్లల మీద సర్ది, మూతలు పెట్టి పక్కన వంటగదిలోకి వచ్చింది. సభ ఇంకో అరగంటలో ఉందనగా గుమాస్తా చంకలో కాగితాల కట్టతో పరుగెత్తుకొచ్చాడు. అక్కా, పాతవి తీసి పారేసి ఇవి పెట్టు, చిన్న తప్పులేవో దిద్దారట అన్నాడు. నలభై రెండు బల్లలు మళ్ళీ తిరగాలి. ఆవిడ మోకాళ్ళు అప్పటికే మొరాయిస్తున్నాయి. తిట్టుకుంటూ పాతవి తీసింది, తిట్టుకుంటూ కొత్తవి పెట్టింది. అదే రంగు కాగితం, అదే పైముద్ర. ఒక్కటి విప్పి చూసినా అంకెలు ఆవిడకు తెలిసి ఉండేవి. విప్పలేదు. ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ కాగితాలు బల్లల మీద పెట్టడమే గాని విప్పడం ఆవిడ పని అని ఎవరూ చెప్పలేదు.

సభ్యులు వచ్చారు, కూర్చున్నారు, మూతలు తీశారు. మాస్టారు చివరి వరసలో అరచెయ్యి ఒళ్ళో బోర్లించుకుని కూర్చున్నాడు. తన ముందున్న కాగితం వైపు ఆయన కూడా చూడలేదు. అరచేతిలో ఉన్నదాని కన్నా గట్టి కాగితం ఏముంటుంది?

గుమాస్తా లేచాడు.

"ఒకటి నుంచి నలభై ఒకటి వరకు."

జగ్గు పట్టుకుని గోడవారన నిలబడ్డ గ్లాసులక్క చెవిలో ఆ నలభై ఒకటి ముల్లులా గుచ్చుకుంది. నిన్నటిదాకా జాబితా నలభైతో ఆగిందిగా. ఒకటి ఎక్కడి నుంచి ఊడిపడింది? చివర్న చేరిందా, పైన చేరిందా? పైన చేరితే?

కలం ఒక దెబ్బ కొట్టింది.

ఆవిడ మాస్టారి వైపు చూసింది. మాస్టారు అరచెయ్యి చూసుకుంటున్నాడు. ఆవిడకు దగ్గరగా ఉన్న బల్ల మీద జాబితా తెరిచే ఉంది. అంకెలు తలకిందులుగా కనపడుతున్నాయి. తలకిందులైనా అంకెలు అంకెలే. ముప్పై ఏడు పక్కన మాట కూడబలుక్కుంది. క, కా, కాలువ.

రెండో దెబ్బ.

"ముప్పై ఏడు విడిగా" అన్నాడు మాస్టారు లేచి నిలబడి. బళ్ళో హాజరు పిలిచినంత స్పష్టంగా అన్నాడు.

హాల్లో నలభైమందీ వెనక్కి తిరిగి చూశారు. గ్లాసులక్క నోరు తెరిచింది. ఎదురుగా గోడ మీద పెద్ద అక్షరాలున్నాయి. ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు ఆ నోటిని పట్టుకుని మూసేసింది. మూడో దెబ్బ పడింది. ముప్పై ఏడు తప్ప తక్కినవన్నీ ఆమోదమయ్యాయి. ముప్పై ఎనిమిదో అంశమైపోయిన గది కూడా వాటితోపాటు నిశ్శబ్దంగా వాహనాల్లోకి వెళ్ళిపోయింది.

సంగతేమిటంటే, రిటైరవుతున్న ఇంజనీరుకు శాలువా, జ్ఞాపిక ఇవ్వాలని ఆఖరి నిమిషంలో ఎవరికో తట్టింది. దాన్ని పదో అంశంగా దూర్చారు. మర్యాద అంశం గనక పైన ఉండాలట. దాంతో కింద ఉన్నవన్నీ ఒక్కో మెట్టు దిగాయి. నిన్నటి ముప్పై ఆరు ఇవాళ ముప్పై ఏడైంది. నిన్నటి ముప్పై ఆరు మాస్టారి సొంత అంశం, ఆయన వార్డులో ఒక సందుకు కాలువ మీద రాతిపలకలు.

గుమాస్తా దాన్ని చదివి వినిపించాడు. చైర్మన్ కలం కింద పెట్టి, ముసిముసిగా నవ్వాడు.

"మాస్టారూ, మీ కాలువ మీద మీకే అభ్యంతరమా?"

హాలంతా నవ్వింది. మాస్టారు అరచెయ్యి చూసుకున్నాడు, కాగితం చూశాడు, మళ్ళీ అరచెయ్యి చూసుకున్నాడు. పొరపాటైంది, వెనక్కి తీసుకుంటానన్నాడు. అప్పుడు మందులకొట్టు సభ్యుడు లేచాడు. ఎన్నికల్లో మాస్టారి చేతిలో ఈయన బావమరిది ఓడిపోయి రెండేళ్ళయింది, కడుపుమంట చల్లారలేదు. ఒకసారి విడిగా తీసిన అంశాన్ని ఇంజనీరు వివరణ లేకుండా కలపడం కుదరదని నిబంధన అడ్డుపెట్టాడు. ఇంజనీరు ఏడి? రాత్రి విందు ఏర్పాట్లు చూసుకోవడానికి పొద్దున్నే సెలవు పెట్టాడు. కాలువ పై నెలకు వాయిదా పడింది. పై నెల అంటే పై ఏడు. ఆరు రోజుల్లో ఏడాది ముగుస్తుంది, ముగిసిననాడు ఖర్చుకాని డబ్బు ఎగిరిపోతుంది.

సభ ముగిసి గ్లాసులు పోగుచేసి వంటగదిలోకి తెచ్చేసరికి మాస్టారు అక్కడ ఆవిడ ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. మొహం మాడిపోయి ఉంది.

"నువ్వు చెప్పిన అంకేగా అమ్మా నేను చెప్పింది."

"అవును మాస్టారూ. మారిన కాగితం పెట్టింది కూడా నేనే" అంది గ్లాసులక్క, కుళాయి తిప్పి.

ఆయన కోప్పడదామనే వచ్చాడు. కాని కోపం ఆయనకు అలవాటు లేని పని, కొసదాకా చెయ్యలేకపోయాడు. ఆ కాలువ కోసం రెండేళ్ళు తిరిగాననీ, సందువాళ్ళంతా సంతకాలు పెట్టిన అర్జీ తన బీరువాలో ఉందనీ, వాళ్ళకు మొహం ఎలా చూపించాలనీ బాధపడ్డాడు. ఆ సందు గ్లాసులక్క ఉండే సందే. ఆ అర్జీలో ఆవిడ వేలిముద్ర కాదు, సంతకమే ఉంది, కష్టపడి పెట్టింది. కాలువ మీద చెక్క జారి పోయినేడు ఆవిడ మొగుడే పడ్డాడు. అప్పటి నుంచి ఆ మనిషి కుడికాలు ఈడుస్తూ నడుస్తాడు.

ఆవిడ ఒక్కో గ్లాసూ కడుగుతూ పోయింది. చేతులు పని చేస్తుంటే బుర్ర ముప్పై ఒక్క ఏళ్ళు వెనక్కీ ముందుకీ తిరిగింది. సభల్లో విన్నవన్నీ ఎక్కడో ఒక మూల పడి ఉంటాయి. రెండో చైర్మన్ కాలంలో ఒకసారి, నాలుగో చైర్మన్ కాలంలో ఒకసారి ఇలాంటిదే జరిగింది. కౌన్సిల్ వాయిదా వేసిన పనిని చైర్మన్ ఒంటిచేత్తో ఆమోదించలేడు. కాని ఆ పద్దులో మిగిలిపోయిన డబ్బును, ఆ వార్డు సభ్యుడు రాసి అడిగితే, అదే వార్డులో ఇదివరకే తీర్మానమైన మరో పనికి ఏడాది ముగిసేలోపు మళ్ళించవచ్చు. పై సమావేశంలో తెలియజేస్తే చాలు.

గది తీర్మానం నాలుగేళ్ళ కిందటిదే అయినా ఎవరూ రద్దు చెయ్యలేదు. డబ్బు తీశారు గాని తీర్మానం తియ్యలేదు. లారీల ఆవరణ మాస్టారి వార్డులోనే ఉంది.

ఇదంతా ఆవిడ గ్లాసులు తుడుస్తూ చెప్పింది. మాస్టారు నోరు తెరుచుకుని విన్నాడు. అర్థమయ్యాక మొహం ఇంకా పాలిపోయింది.

"అంటే ఆ డబ్బు నేనే స్వయంగా రాసిచ్చి మీ సందు నుంచి తీసేసినట్టవుతుందిగా?"

"రాయకపోతే ఆరు రోజుల్లో అదే పోతుంది. పోయేది ఎలాగూ పోతోంది, ఒక పక్కకైనా పోనివ్వండి."

"మీ సందువాళ్ళు నన్ను బతకనిస్తారా?"

"గ్లాసులక్క చెల్లెలి కోసం పట్టుబట్టి రాయించుకుందని చెప్పండి. నేను కాదనను."

ఆయన ఆ మాట విని కొంత తేలికపడ్డట్టే కనిపించాడు. తేలికపడినందుకు వెంటనే సిగ్గుపడ్డాడు కూడా. కాగితం తెమ్మన్నాడు.

మర్నాడు గుమాస్తా ఆ ఉత్తరాన్ని సంతకాల దొంతరలో పెట్టాడు. దొంతరా, టీకప్పూ గ్లాసులక్కే లోపలికి తీసుకెళ్ళింది. చైర్మన్ వరసగా గీసుకుంటూ పోయి, అక్కడ ఆగి, ఇదేమిటని అడిగాడు. గది అని చెప్పింది. ఏ గది అన్నాడు. నాలుగేళ్ళనాటి గది సార్, మీరొచ్చాక రెండుసార్లు దాని డబ్బు బండికి పోయింది అంది. ఎత్తిపొడుపు లేకుండానే అంది, అంత ఓపిక అప్పుడు లేదు. చైర్మన్ కలం కొంచెంసేపు గాల్లో ఆగింది. తర్వాత సంతకం పెట్టి, టీలో పంచదార వెయ్యలేదు కదా అని అడిగాడు.

ఇంటికి వెళ్ళేసరికి మొగుడు అరుగు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. బయటివాళ్ళ నోట విననివ్వకూడదని తానే చెప్పింది. ఆయన మోకాలు నిమురుకుంటూ మొత్తం విన్నాడు. కోప్పడలేదు, అరవలేదు. అరిచి ఉంటే ఆవిడకు సులువుగా ఉండేది.

"అయితే మీ చెల్లెలికి గది, నాకు గొయ్యి" అన్నాడు.

 ఆవిడ లోపలికి వెళ్ళి పొయ్యి ముట్టించింది.

వారం తిరగకుండా సందంతా తెలిసింది. ఎదురింటి మేడ మీద వదిన ఆ అర్జీ పట్టుకుని గడప గడపకూ తిరిగి సంతకాలు పోగేసిన మనిషి. ఆవిడ కోపంలో న్యాయముంది. కుళాయి దగ్గర పదిమంది వినేలా, ఇన్నాళ్ళూ పక్కనే ఉండి మన నోట్లో మట్టి కొట్టే మనిషని తెలుసుకోలేకపోయాం అంది. ఆఫీసులో పని చేసేవాళ్ళకు అన్నీ తమ ఇంటివైపే వంగుతాయి అంది. గ్లాసులక్క బిందె నింపుకుంటోంది. జరిగింది పొరపాటనీ, కాలువ డబ్బు ఎలాగూ పోయేదేననీ ఒక్క మాట చెబితే సగం కోపం చల్లారేది. కాని ఆ ఒక్క మాట చెప్పాలంటే ముందు ఇంకో మాట చెప్పాలి. తను పెట్టిన కాగితం తనే చూసుకోలేదని చెప్పాలి. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ హాల్లో పని చేసి అంకెల దగ్గర దెబ్బతిన్నానని ఈ కుళాయి ముందు ఒప్పుకోవాలి. దానికన్నా స్వార్థపరురాలు అనిపించుకోవడమే ఆవిడకు నయమనిపించింది.

"అవును వదినా, నేనే అడిగి రాయించుకున్నాను" అంది.

ఆ రోజు నుంచి వదిన మాట్లాడడం మానేసింది. వదినతోపాటు మరో నాలుగిళ్ళవాళ్ళు మానేశారు. వాళ్ళ వాకిళ్ళ ముందు నుంచి ఆవిడ రోజూ తల ఎత్తుకునే నడిచేది. ఇంటికొచ్చాక మాత్రం మెడ నొప్పిగా ఉందనేది.

కాలువ మీద పలకలకు పెట్టిన డబ్బు గదికి ఎక్కడ సరిపోతుంది? మేస్త్రీ కొలతలు తీసి, నాలుగు గోడలు, తలుపు, కుళాయి వస్తాయి, కప్పు రాదు అన్నాడు. కప్పు కావాలంటే గోడలు నడుము ఎత్తుకు తగ్గించాలి అని కూడా అన్నాడు. ఆ మనిషి హాస్యమాడుతున్నాడో నిజమే చెబుతున్నాడో తెలియలేదు. గోడలు మనిషి ఎత్తు మీద ఇంకో మూర ఉండాలని గ్లాసులక్క తేల్చి చెప్పింది. సభలో సంగతి తెలియజేసినప్పుడు మందులకొట్టాయన, కప్పు లేనిదాన్ని గది అని ఎలా అంటారని అడిగాడు. చైర్మన్ మూడు దెబ్బలు కొట్టాడు. అయిపోయింది.

గోడలు లేవడానికి అయిదు వారాలు పట్టింది. ఆ అయిదు వారాలూ పని ముగిశాక ఆవిడ ఆవరణ చుట్టూ ఒకసారి తిరిగి ఇంటికి వెళ్ళేది. ఇటుకలు తక్కువ వేశారేమోనని వరసలు లెక్కపెట్టేది. అక్షరాలకన్నా ఇటుకలు తేలిక.

చెల్లెలి సెలవు ఇంకో తొమ్మిది రోజుల్లో అయిపోతుందనగా తలుపు బిగించారు. తర్వాతి తెల్లవారుజామున అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి నడిచి వెళ్ళారు.  టీకొట్టు తెరిచే ఉంది, దాని ముందు మగాళ్ళూ ఉన్నారు. చెల్లెలు ఆ వైపు చూడలేదు. కొత్త సున్నం వాసన వేస్తున్న గోడల చుట్టూ ఒకసారి నడిచింది, అరచేత్తో గోడను తోసి చూసింది, తలుపు గడియను పైకీ కిందికీ ఆడించింది. తల ఎత్తి పైకి చూసింది. పైన ఆకాశం తెల్లబడుతోంది.

"వానొస్తే?"

"తడుస్తారు" అంది గ్లాసులక్క. "కప్పు ఈ ఏటి పద్దులో పెట్టించాను. చివరి నెలలో తియ్యకుండా చూసుకోవాలి."

చెల్లెలు చొక్కా చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళింది. గడియ పడిన చప్పుడు వినిపించింది. మిగతా ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి వరసలో నిలబడ్డారు. లారీల ఇంజన్లు మొదలయ్యాయి. రెండు నిమిషాలయింది, అయిదయింది, పదయింది. వరసలో గొణుగుడు మొదలైంది. లోపల కాపురం పెట్టిందా ఏమిటని ఒకతె అడిగింది. గ్లాసులక్క తలుపు తడదామని చెయ్యెత్తి, ఎందుకో మళ్ళీ దించేసింది.

గడియ తీసుకుని చెల్లెలు బయటికి వచ్చింది. చొక్కా బొత్తాలన్నీ పెట్టుకుని ఉంది. ముఖం కడుక్కున్నట్టుంది, నుదుటి మీద తడి ఇంకా ఆరలేదు.

"ఒక్క చొక్కాకు ఇంతసేపా?" అంది గ్లాసులక్క.

"చొక్కా ఎప్పుడో తొడుక్కున్నా. ఊరికే గడియ వేసుకుని కాసేపు కూర్చున్నా" అంది చెల్లెలు. చీపురు తీసుకుని తన వీధి వైపు వెళ్ళిపోయింది.